ముందు మాస్కులు

భాస్కరం మాస్టారు రంగు బంతిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లిగా నొక్కారు. రేగుపండంత ఉంది. పైన పలచని తొక్క, లోపల నారింజ రంగు నీళ్ళు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. వాలీబాలైనా, ఇనప గుండైనా, మోకాలి పట్టీలైనా చేత్తో చూడకుండా ఏనాడూ తీసుకోలేదు. తొక్క వేళ్ళకి కాస్త అంటుకుంది.

"ఇది మెత్తబడిందేం బాబూ?"

"మీ వైపు గాల్లో తేమ ఎక్కువండి. డబ్బా మూత తీసి ఉంచితే ఉబ్బిపోతాయి," అన్నాడు చైతన్య. హైదరాబాదు కంపెనీ తరఫున శాంపిళ్ళు పట్టుకుని ఆ ఉదయమే రాజమండ్రిలో రైలు దిగాడు.

రావులపాలేనికి నాలుగు మైళ్ళ దిగువన, గౌతమి గట్టు కింద, పన్నెండెకరాల కొబ్బరితోటలో ఉంది ఆ రిసార్టు. 2008 ఆగస్టు. ఆ ఏడు దసరాకి రంగు బంతులు కాల్చుకునే పెయింట్‌బాల్ ఆట మొదలుపెట్టాలని యజమాని గోపాలకృష్ణంరాజు గారి పట్టుదల. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మనిషి. హైదరాబాదులో ఒకసారి ఈ ఆట ఆడి వచ్చారు, అప్పట్నుంచి వేరే మాట లేదు. తోటలో ఆటలన్నీ చూసుకునేది భాస్కరం మాస్టారే కనక, మొదటి సెట్టు ఎంచే పని ఆయనమీద పడింది. సోమవారం మధ్యాహ్నంలోగా ఆర్డరు వెళ్ళకపోతే సరుకు దసరాకి అందదని చైతన్య వస్తూనే చెప్పాడు. అది గురువారం.

చైతన్య రెండు మాస్కులు ముందుకు జరిపాడు. నుదుటి నుంచి గడ్డం దాకా, చెవులతో సహా ముఖాన్ని కప్పేసే నల్ల తొడుగులు. కళ్ళ దగ్గర వెడల్పాటి అద్దం.

"ఇది ఒంటి అద్దమండి. ఇది జంట అద్దం. రెండద్దాల మధ్యా గాలి ఉంటుంది, ఆవిరి పట్టదు. ధర ఎక్కువ. మిగతాదంతా ఒకటే."

మాస్టారు ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుని చూశారు. ఆఫీసు గదిలో ఏసీ చల్లగా ఉంది. రెండింట్లోంచీ గోడమీద క్యాలెండరు అంకెలు శుభ్రంగా కనిపించాయి.

అప్పుడే రాజుగారు లోపలికి వచ్చారు. మాస్కుల వంక చూడనైనా చూడలేదు. బల్లమీద ఉన్న రంగు గన్ను తీసుకుని భుజానికి ఆనించి, కిటికీలోంచి ఒక కొబ్బరిచెట్టుకి గురిపెట్టారు.

"ఇవెన్ని ఉంటే అంతమంది ఆడతారు మాస్టారూ. మాస్కుదేముంది, మొహానికి అడ్డం ఉంటే చాలు కదా. ఒంటి అద్దం రాసేయండి."

"బయట ఒకసారి చూసి రాద్దామండి. ఇక్కడి చల్లదనంలో రెండూ ఒకలాగే ఉన్నాయి. తోటలో ఉండవు."

ఆ మాట రాజుగారికి మరో రకంగా నచ్చింది. "అదీ నిజమే. మా అమ్మిరాజు కూడా వచ్చాడు. చూసేద్దాం పదండి," అన్నారు. అమ్మిరాజు ఆయన బావమరిది. వరండాలో కాఫీ తాగుతున్నవాడు కప్పు అక్కడే పెట్టేసి లేచాడు.

పొద్దున్న కురిసిన వాన మీద ఎండ కాసి తోటంతా ఆవిరెత్తుతోంది. చెట్ల వరసల మధ్య నీటి బోదెలు నిండుగా ఉన్నాయి. మాస్టారు ముందురోజే ఎనభై అడుగులు పొడుగు, నలభై అడుగులు వెడల్పు కొలిచి సున్నంతో గీతలు గీయించారు. చాటుకి పాత టైర్లు పేర్పించారు. మెళ్ళో ఈల వేసుకున్నారు.

"ఈల వినపడితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. గన్ను కిందకి దించాలి. అంతదాకా ఎవరూ మాస్కు తీయకూడదు," అని ఒకటికి మూడుసార్లు చెప్పారు.

"మరి ఎవర్ని కొట్టాలి?" అన్నాడు అమ్మిరాజు.

రాజుగారు చుట్టూ చూశారు. చివరి చెట్టు మొదట్లో దింపిన కాయలు పోగేస్తున్న బుల్లబ్బాయి కనిపించాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి. ఆ తోటలో ప్రతి చెట్టూ ఎక్కి దిగినవాడు.

"ఒరేయ్ బుల్లబ్బాయ్, ఇలా రా. కాసేపు పరిగెడుదువు గాని."

"ఆయ్," అంటూ వచ్చాడు, లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టుకుంటూ.

చైతన్య చేతిలో నాలుగు మాస్కులున్నాయి, రకానికి రెండు చొప్పున. జంట అద్దాలవి రాజుగారికీ, అమ్మిరాజుకీ ఇచ్చాడు. ఒంటి అద్దంది బుల్లబ్బాయి తలకి తగిలించాడు. వాడికి గన్ను ఇవ్వలేదు. మాస్టారు అది చూశారు. పరీక్ష కదా, కాసేపటికి మార్చి చూడొచ్చులే అనుకున్నారు.

ఈల ఊదారు. బుల్లబ్బాయి చెట్టు నుంచి చెట్టుకి పరిగెత్తాడు. టపటపమని గన్నులు పేలాయి. వాడి వీపుమీద ఒకటి, తొడమీద ఒకటి నారింజ రంగు పువ్వుల్లా విచ్చుకున్నాయి. అమ్మిరాజు నవ్వాడు. రాజుగారు నవ్వారు. మాస్కు లోపల బుల్లబ్బాయి కూడా నవ్వుతున్నట్టు వినిపించింది.

మూడు నిమిషాలు గడిచాయి. గట్టుమీద కళ్ళు మూసుకునైనా నడవగలిగిన మనిషి వెళ్ళి ఒక చెట్టుకి భుజం కొట్టుకున్నాడు. మాస్టారు అది గమనించారు. బుల్లబ్బాయి చెట్టు పట్టుకుని నిలబడ్డాడు. ముఖం అటూ ఇటూ తిప్పుతున్నాడు. అరచేత్తో అద్దాన్ని పైనుంచి రుద్దాడు. ఆవిరి లోపల ఉంది. మళ్ళీ రుద్దాడు.

మాస్టారు ఈల పెదాల మధ్య పెట్టుకున్నారు.

రాజుగారు వెనక్కి తిరక్కుండానే ఎడమచేతి వేలు ఒకటి పైకెత్తారు. "ఇంకొక్క రౌండు మాస్టారూ."

మాస్టారి ఊపిరి ఈలలోకి పోకుండా ఛాతీలోనే నిలిచిపోయింది. డ్రిల్లులో ఒకటి, రెండు అని లెక్కపెట్టేటంత సేపు. ఆ రెండు లెక్కల్లో బుల్లబ్బాయి బొటనవేలు మాస్కు కిందకి దూర్చి పైకెత్తాడు. అమ్మిరాజు గన్ను పేలింది.

బుల్లబ్బాయి అరవలేదు. రెండు చేతులూ ఎడమ కంటిమీద వేసుకుని బోదె గట్టున చతికిలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రంగు కారుతోంది. అది రంగో మరొకటో తెలియక మాస్టారు పరిగెత్తుకెళ్ళి, వాడి చేతులు తీయడానికి భయపడి, పక్కన కూర్చుండిపోయారు.

*

కారు జొన్నాడ వంతెన ఎక్కేసరికి డ్రైవరు ఫోను మాస్టారికి అందించాడు. అవతల రాజుగారు.

"మాస్టారూ, కొబ్బరిమట్ట మీద పడిందని చెప్పండి. తోటలో పడుతూనే ఉంటాయి కదా. ఆటంటే లేనిపోని ప్రశ్నలొస్తాయి. ఖర్చంతా నేను చూసుకుంటానని వాడికి చెప్పండి."

మాస్టారు చెప్పాల్సిన పని లేకపోయింది. ఫోనులో మాట పక్కన కూర్చున్న బుల్లబ్బాయికి వినిపించింది. "అలాగేనండి," అన్నాడు వాడే, తువ్వాలు కంటికి ఒత్తుకుంటూ.

రాజమండ్రిలో కంటి డాక్టరు నాగశ్రీ గారు దీపం వేసి చాలాసేపు చూశారు. నల్లగుడ్డు ముందు ఎర్రగా ఒక చార నిలిచి ఉందన్నారు.

"ఏం తగిలింది?"

"మట్టండి," అన్నాడు బుల్లబ్బాయి.

డాక్టరు దూదితో వాడి చెవి వెనక తుడిచి ఆ దూదిని చూశారు. నారింజ రంగు అంటుకుంది. దాన్ని పళ్ళెంలో పెట్టి మాస్టారి వంక చూశారు.

మాస్టారు కిటికీ వైపు చూశారు.

"లోపల రక్తం చేరింది. ఇవాళ కంటి వెనక భాగం సరిగా కనపడదు. తల ఎత్తుగా పెట్టుకుని కదలకుండా ఉండాలి. వంగకూడదు, బరువెత్తకూడదు. మళ్ళీ రక్తం వస్తే కన్ను దక్కదు. శనివారం తీసుకురండి," అని డాక్టరు మందులు రాశారు. ఇంకేమీ అడగలేదు.

*

శుక్రవారం పొద్దున్నే మాస్టారు సైకిలు మీద బుల్లబ్బాయి ఇంటికి వెళ్ళారు. గట్టు కింద రెండు గదుల ఇల్లు. గట్టు అవతల గోదారి ఎర్రగా, ఒడ్డు ఒరుసుకుంటూ పోతోంది. బుల్లబ్బాయి ధాన్యం బస్తాకి వీపు ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఎడమ కంటిమీద చిల్లుల ప్లాస్టిక్ డిప్ప పెట్టి పట్టీ అంటించారు. వాడి భార్య రత్తమ్మ చెంచాతో జావ పడుతోంది.

"కూర్చోండి మేస్టారండి," అని పీట వేసింది. మళ్ళీ గిన్నె చేతిలోకి తీసుకుంది. రెండు చెంచాలు పట్టాక అంది. "ఆటన్నారంటండి. ఆటంటే ఇద్దరికీ ఆటవ్వాలి కదండి."

"నొప్పి తగ్గిందా?" అని మాస్టారు బుల్లబ్బాయిని అడిగారు.

"లోపల గుచ్చుతున్నట్టుందండి. డాక్టరమ్మగారు కదలద్దన్నారు కదండి, రాత్రంతా ఇలాగే కూచున్నాను." తర్వాత తనలో తాను మాట్లాడుకుంటున్నట్టే అన్నాడు. "మీరు ఊదుతారనుకున్నానండి."

మాస్టారు పీట అంచు పట్టుకున్నారు.

"అద్దంలోంచి ఏమీ కనపళ్ళేదండి. అంతా పాలు పోసినట్టయిపోయింది. ఈల వినపడుద్ది కదా అని వింటా నిలబడ్డానండి. మీరు మూడుసార్లు చెప్పారు కదండీ. ఎంతసేపటికీ వినపళ్ళేదు. ఊదేశారేమో, ఈ తొడుగులో నాకే వినపళ్ళేదేమో అనుకుని ఎత్తేనండి. నాదే తప్పండి."

వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. నిష్ఠూరమాడినా బాగుండేది.

"నీకు వినపడకపోవడం కాదయ్యా. నేను ఊదలేదు," అన్నారు మాస్టారు.

బుల్లబ్బాయి తెరిచి ఉన్న కుడి కన్ను ఆయన వైపు తిప్పాడు. రత్తమ్మ చెంచా గిన్నెలో పెట్టింది. ఆయన లేచి, చెప్పులు వేసుకోబోయి ఎడమా కుడీ మార్చి తొడుక్కుని, మళ్ళీ సరిచేసుకుని బయటికి వచ్చారు.

*

ఆ మధ్యాహ్నం మూడింటికి ఆయన రెండు మాస్కులూ ఇంటి పెరట్లోకి తెచ్చుకున్నారు. ఎండ ఉడకబెడుతోంది. ఆయన భార్య వరహాలక్ష్మి వంటింటి గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది.

"ఇటు చూసి కాస్త చుట్లు లెక్కపెట్టు," అన్నారు.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి పంచె పైకి కట్టి, ఒంటి అద్దం మాస్కు తగిలించుకుని బావి చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టారు. పక్కింటి మాణిక్యాంబ గోడమీంచి తొంగిచూసి, ఏమీ అడక్కుండానే తల వెనక్కి తీసుకుంది. ఎనిమిదో చుట్టుకి బావి గట్టు మసకేసింది. పదకొండో చుట్టుకి అద్దం నిండా తెల్లగా కమ్మేసింది. తన ఊపిరే తన కళ్ళకి అడ్డం వచ్చింది. చేయి ముందుకు చాపి నడిచారు. వేలికి మెత్తగా ఏదో తగిలింది. బట్టలారేసిన తాడుమీది చీర. మాస్కు ఎత్తేయాలని చేయి దానంతటదే గడ్డం దాకా వచ్చింది. అక్కడ ఆపుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

చల్లారాక రెండోది పెట్టుకున్నారు. ముప్పై చుట్లకి కాళ్ళు ఆగిపోయాయి. అద్దం మాత్రం మసకేయలేదు. అంచుల్లో కాస్త చెమ్మ, అంతే.

మజ్జిగ గ్లాసు ఇస్తూ వరహాలక్ష్మి అడిగింది. "అతనికి పెట్టింది ఏదండీ?"

"మొదటిది."

"ఎవరు పెట్టారు?"

"ఆ కంపెనీ అబ్బాయి."

"మీరు అక్కడే ఉన్నారా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. ఆవిడ గోంగూర పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.

*

శనివారం ఆస్పత్రిలో బుల్లబ్బాయిని లోపల కూర్చోబెట్టగానే, డాక్టరు దీపం వేయక ముందే మాస్టారు మాట్లాడారు.

"మట్ట కాదండి. రంగు బంతి. గ్యాసుతో కొట్టే గన్నులోంచి వచ్చింది. సెకనుకి రెండు వందల ఎనభై అడుగుల వేగమని కంపెనీ అతను చెప్పాడు. దూరం నలభై ఐదు అడుగులు. నేనే కొలిచి గీసిన గీతలు."

బుల్లబ్బాయి కుర్చీలో కదిలాడు. "మేస్టారండీ..."

"నువ్వు ఊరుకో," అన్నారు.

డాక్టరు ఒక్క క్షణం ఆయన్ని చూశారు. "గురువారం అడిగినప్పుడు చెప్పలేదేం?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. కంట్లో చుక్కలు వేసి, అరగంట ఆగి, అద్దాల మీద అద్దాలు మార్చి చూశారు. "అటు చూడు, ఇటు చూడు" అంటూ వాడి కన్ను తిప్పించారు. తర్వాత తల ఎత్తారు.

"మట్ట గీరితే దెబ్బ పైపైన ఉంటుంది. ఇలాంటి దెబ్బ లోపలికి పోతుంది. అందుకని అంచుల దాకా వెతికాను. వెనక పొరకి చిన్న చిరుగు పడింది. ఇవాళే లేజరుతో అతకాలి. మట్టేగా అని నెల్లాళ్ళకి రమ్మనుంటే ఈ లోపు పొర ఊడి వచ్చేసేదేమో."

బుల్లబ్బాయిని లోపలికి తీసుకెళ్ళాక మాస్టారు నర్సుని ఒక తెల్ల కాగితం అడిగారు. బల్లమీద పెట్టుకుని, స్కూలు రిపోర్టు రాసినట్టు విడివిడి అక్షరాలతో రాశారు. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ, ఏ ఆట, ఎంత దూరం. గన్ను పేల్చింది ఎవరన్న చోట కలం కాసేపు ఆగింది. 'యజమాని బంధువు పేల్చిన బంతి' అని రాశారు. ఆ కింద ఇలా రాశారు: 'అద్దానికి ఆవిరి పట్టి ఇతనికి కనపడటం లేదని నేను చూశాను. ఆట ఆపవలసిన బాధ్యత నాది. ఆపవలసిన సమయంలో నేను ఆపలేదు.' సంతకం చేసి, తేదీ వేసి డాక్టరుకి ఇచ్చారు. ఆవిడ చదివి బుల్లబ్బాయి కాగితాలతో కలిపి పిన్ను కొట్టారు.

*

సోమవారం పదింటికి ఆఫీసు గదిలో రాజుగారు, చైతన్య ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. బల్లమీద టైపు చేసిన ఆర్డరు కాగితం. గన్నులు ఇరవై. ఒంటి అద్దం మాస్కులు ఇరవై. అడుగున 'పరికరాలు పరీక్షించి సంతృప్తి చెందాను' అని ఒక వాక్యం, దాని కింద మాస్టారి సంతకానికి ఖాళీ.

"కూర్చోండి మాస్టారూ. ఇక్కడ ఒక్క సంతకం. ఈ అబ్బాయి మధ్యాహ్నం బండికి వెళ్ళాలి."

మాస్టారు కూర్చోలేదు. "పరీక్షించానండి. సంతృప్తి చెందలేదు."

"వాడికెలా ఉంది?"

"లేజరు చేశారు. చూపు ఎంతవరకు వస్తుందో నెల తర్వాత గాని చెప్పలేమన్నారు. ఇక చెట్టెక్కకూడదు."

"బిల్లంతా కట్టించాను. ఇంకా చూస్తాను కూడా. దానికీ దీనికీ ముడిపెట్టకండి. వాడు నియమం తప్పి మాస్కు ఎత్తాడు. మీరే కదా ఎత్తకూడదని చెప్పారు."

"చెప్పానండి. అదే కాగితంమీద కూడా రాసిచ్చాను."

రాజుగారి చేతిలో కలం ఆగింది. "ఏ కాగితం?"

"జరిగింది జరిగినట్టు డాక్టరుగారికి రాసిచ్చాను. మట్ట కాదని."

చైతన్య కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. రాజుగారి గొంతు పెరగలేదు.

"అమ్మిరాజు పేరు రాశారా?"

"మీ బంధువని రాశాను. తప్పు ఎవరిదన్న చోట నా పేరు రాశాను. ఆపాల్సింది నేను."

"ఆ కాగితం తెచ్చేయండి."

"శనివారమే ఇచ్చేశానండి. ఇక అది నా చేతిలో లేదు."

రాజుగారు ఆర్డరు కాగితాన్ని బల్ల అంచుకి సరిగ్గా సమానంగా జరిపారు. మళ్ళీ జరిపారు.

"మాస్టారూ, మీ వయసుకి గౌరవమిచ్చి ఒక్క మాటే చెప్తున్నాను. రేపట్నుంచి మీరు రావక్కర్లేదు."

"మంచిదండి." మాస్టారు సంచిలోంచి ఒంటి అద్దం మాస్కు తీసి బల్లమీద పెట్టారు. "వెళ్ళేముందు ఒక్క కోరిక. ఇది పెట్టుకుని ఆ చివరి చెట్టు దాకా ఒక మూడుసార్లు పరిగెత్తి రండి. మీమీద ఎవరూ ఏమీ పేల్చరు. ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి."

"నన్ను పరీక్ష పెడుతున్నారా?"

"మాస్కునండి."

రాజుగారు లేచారు. కోపంతోనే లేచారు. మాస్కు లాక్కున్నట్టు తీసుకుని మెట్లు దిగి, తలకి తగిలించుకుని తోటలోకి నడిచారు. మాస్టారూ చైతన్యా వెనకే దిగారు. కాయలు పోగేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు చేతులాపి నిలబడ్డారు.

మొదటిసారి ఆయన జోరుగానే వెళ్ళి వచ్చారు. రెండోసారి తిరిగి వచ్చేటప్పుడు అడుగులు తడబడ్డాయి. మూడోసారి సగం దారిలో నిలిచిపోయారు. అరచేత్తో అద్దాన్ని పైనుంచి రుద్దారు. చెయ్యి చాపి ముందుకి ఒక అడుగు, పక్కకి ఒక అడుగు వేశారు. కాలు బోదెలోకి జారి మోకాలి దాకా బురదలో దిగబడింది. "మాస్టారూ," అన్నారు. మాస్కు లోపల్నుంచి ఆ గొంతు ఎవరిదో మరొకరిదిలా వచ్చింది. "మాస్టారూ, ఎక్కడున్నారు?"

"ఇక్కడే ఉన్నానండి. కుడి పక్కకి రండి. గట్టుంది."

మాస్టారు చెయ్యి అందించారు. గట్టుమీద కూర్చున్నాక రాజుగారు మాస్కు తీశారు. ముఖమంతా చెమట. కళ్ళు ఆర్పుతూ కాసేపు తోటని చూశారు.

"ఆ రోజు వాడికి ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉందండి. పైగా ఎదురుగా మనం ఉన్నాం."

"మరి నాకు ఆ రోజు బాగానే కనపడిందే."

"మీకూ అమ్మిరాజుగారికీ ఇచ్చినవి జంట అద్దాలవండి."

రాజుగారు ఆ మాట ముందు అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక చైతన్య వైపు చూశారు. చైతన్య నేల చూపులు చూశాడు. రాజుగారు బురద కాలిని బోదె నీళ్ళలో కడుక్కున్నారు. అవసరానికి మించి చాలాసేపు కడుక్కున్నారు.

గదిలోకి తిరిగి వచ్చాక టైపు కాగితాన్ని తిరగేసి, వెనక తెల్లగా ఉన్న వైపు మాస్టారి ముందుకు తోశారు.

"మీరే రాయండి."

మాస్టారు అప్పుడు కూర్చున్నారు. "ముందు మాస్కులండి. జంట అద్దం. ముప్పై."

"ఆడేది ఇరవై మందేగా?"

"తోటలో ఉండేవాళ్ళు పది మందండి. ఆట జరుగుతుంటే కాయలు ఏరేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, ఆటని చూసుకునేవాళ్ళు. వాళ్ళకీ కళ్ళున్నాయి."

రాజుగారు వేళ్ళమీద లెక్కవేసుకున్నారు. "అనుకున్న డబ్బుకి గన్నులు పద్నాలుగే వస్తాయి అప్పుడు."

"పద్నాలుగు చాలండి. వంతులేసుకుని ఆడతారు."

"రాయండి," అన్నారు. రేపట్నుంచి రావద్దన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. మాస్టారూ ఎత్తలేదు.

*

సరుకు దసరాకి నాలుగు రోజుల ముందు దిగింది. మాస్టారు ఒక్కొక్క మాస్కే విప్పి, పట్టీ లాగి, అద్దం అంచుల వెంట గోరు నడిపి చూశారు. రెండింటి స్పాంజి ఊడి ఉంటే వేరే పెట్టెలో పడేశారు. బుల్లబ్బాయి పక్కన నిలబడి చూస్తున్నాడు. ఎడమ కంటి చూపు చాలావరకు వచ్చింది. ఓరగా ఒక నీడ మాత్రం ఉండిపోయింది. చెట్టెక్కే పని పోయింది. ఆట జరిగే చోట ఉండి, ఆడేవాళ్ళ మాస్కులు చూసి లోపలికి పంపే పని మాస్టారు వాడికి అప్పగించారు.

"ముందు నీకు సరిపోయేది తీసుకో. మిగిలినవి తర్వాత వాళ్ళకి," అన్నారు.

బుల్లబ్బాయి తొందరపడలేదు. నాలుగు పెట్టుకుని చూసి, అయిదోది ఉంచుకున్నాడు.

విజయదశమి నాడు పదకొండింటికి మొదటి ఆట. భీమవరం నుంచి రెండు కార్లలో బంధువులు వచ్చారు. అందరికంటే ముందు నడిచినవాడు అమ్మిరాజు. మాస్కు తలమీద పెట్టుకుని, గన్ను ఊపుకుంటూ ఆట చోటు చుట్టూ కట్టిన తాడు దగ్గరికి వచ్చి, అక్కడ నిలబడ్డ మనిషిని గుర్తుపట్టి ఆగిపోయాడు. రెండు నెలల్లో ఒక్కసారైనా వాడి ఇంటికి వెళ్ళినవాడు కాదు.

"ఏరా, బాగున్నావా?" అన్నాడు, ఎటో చూస్తూ.

"బాగానే ఉన్నానండి. ఒక్కసారి తల వంచండి."

"ఎందుకు?"

"పట్టీ చూడాలండి. చూడందే లోపలికి పంపకూడదని మేస్టారు చెప్పారండి."

అమ్మిరాజు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు గీతల దగ్గర వేరే వాళ్ళతో మాట్లాడుతున్నారు. బావగారి వైపు చూశాడు. రాజుగారు తన మాస్కు తను సర్దుకుంటున్నారు. వెనక వరసలో ఉన్నవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

అమ్మిరాజు మాస్కు ముఖం మీదికి దించుకుని తల వంచాడు. బుల్లబ్బాయి అతని వెనక్కి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి చెట్లెక్కి కాయలు కాచిన వేళ్ళతో పట్టీ అందుకుని, జుట్టు చిక్కుకోకుండా పక్కకి తీసి, నెమ్మదిగా ఒక గుంజు గుంజాడు.

"బిగిసిందాండి?"

"బానే ఉంది."

బుల్లబ్బాయి అతని మాస్కు కింద, గడ్డం దగ్గర వేలు దూర్చి చూశాడు. వేలు సులువుగా దూరింది.

"లేదండి. ఇంకా వదులుగానే ఉంది. కాసేపు అలాగే వంచి ఉంచండి," అన్నాడు.